గొంతుపట్టీ విన్నది

మద్దిలపాలెం బాగానే వచ్చేది, ఇసుకతోట బాగానే వచ్చేది. హనుమంతవాక అనబోయేసరికి బోర్డు ఆరిపోయేది.

సన్యాసిరావు తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయేవాడు. బల్ల మీద అరచేతంత ఆకుపచ్చ బోర్డు. దాని మీది చిన్న దీపం ఆరి మళ్ళీ వెలిగేది. పక్కనున్న కంప్యూటర్ తెర మీద బోర్డును నడిపే లైనక్స్ మొదటి నుంచి లేస్తున్న వరసలు గబగబా పైకి పాకేవి. అది పూర్తిగా మేలుకోవడానికి ముప్పై నాలుగు సెకన్లు పట్టేది. అంతసేపూ ఆయన మేనకోడలి ముఖంలోకి చూస్తూ, తప్పు తనదే అన్నట్టు చిన్నగా నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే హైమవతికి ప్రాణం ఉసూరుమనేది.

ఆయన ఇరవై తొమ్మిదేళ్ళు విశాఖపట్నంలో సిటీ బస్సు కండక్టరుగా చేశాడు. కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టు మీద నిలబడి స్టాపు పేరు పిలిస్తే డ్రైవరుకే కాదు, రోడ్డు అవతల కొట్టువాడికి కూడా వినపడేది. పదవీ విరమణ చేసిన ఏడాదికే గొంతులో క్యాన్సర్ వచ్చింది. స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇప్పుడాయన మెడ కింద పెట్టిన రంధ్రం గుండా ఊపిరి పీలుస్తాడు. రెండున్నరేళ్ళుగా ఆయన నోట మాట లేదు.

హైమ ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ ఆ మేనమామ ఇంట్లోనే ఉండి చదువుకుంది. పిల్లలు లేని ఆ ఇంట్లో ఆమెకు జ్వరమొస్తే ఆయన డ్యూటీ మానేసేవాడు. మధురవాడ కొండ కింద మూడు గదుల ప్రయోగశాలలో ఉద్యోగం దొరికి, అక్కడ గొంతుపట్టీ తయారవుతోందని తెలిసినప్పుడు ఆమె మొదట అనుకున్నది మావయ్యనే.

మనిషి మాట్లాడాలనుకోగానే మెదడు గొంతు నరాలకు ఆజ్ఞ పంపుతుంది. స్వరపేటిక లేకపోయినా ఆ ఆజ్ఞ ఆగదు. మెడకు కట్టే మెత్తటి పట్టీ దవడ కింద దాన్ని పట్టుకుంటుంది. నడుముకు తగిలించిన బోర్డు దాన్ని మాటగా మార్చి స్పీకరులో పలికిస్తుంది. ఆ గొంతు కూడా ఎవరిదో కాదు. పదవీ విరమణ సభలో సన్యాసిరావు ఇచ్చిన ఉపన్యాసం ఒకరి ఫోన్‌లో ఉంటే దాని నుంచి అచ్చం ఆయన గొంతునే తిరిగి కట్టారు.

కానీ హనుమంతవాక దగ్గర ఆరిపోయేది.

హైమ మూడు రోజులు సాఫ్ట్‌వేర్ వెతికింది. దోషం అక్కడ లేదు. నాలుగోరోజు బోర్డుకు విద్యుత్తు వచ్చే దారి మీద, హెచ్చుతగ్గుల్ని గీతగా చూపించే ఆసిలోస్కోప్ ముల్లు ఆనించి, మావయ్యను మళ్ళీ స్టాపులు పిలవమంది. ఆయన అలవాటు కొద్దీ హనుమంతవాక దగ్గర గొంతు పెంచేవాడు. అక్కడ పెద్ద కూడలి, దిగేవాళ్ళు ఎక్కువ. ఆ పెద్ద శబ్దం కోసం స్పీకరు ఒక్కసారిగా కరెంటు లాగేసరికి తెర మీద గీత గుంటలో పడ్డట్టు దిగిపోయింది. ప్రాసెసరుకు చాలక అది నిద్రలోకి జారుకుంటోంది. స్పీకరుకు వేరే దారి వేసి, కరెంటును కాస్త నిలవ ఉంచే బొటనవేలంత కెపాసిటర్ ఒకటి సోల్డర్ చేసింది.

"మళ్ళీ అను మావయ్యా."

"మద్దిలపాలెం... ఇసుకతోట... హనుమంతవాకా!"

బోర్డు ఆరలేదు. పక్క గదిలోంచి ప్రయోగశాల పెద్ద ఫణీంద్ర గారు పరిగెత్తుకొచ్చారు. సన్యాసిరావు కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, ఆయన నడుము దగ్గర్నుంచి ఆయన గొంతే, "ఏడవటం లేదు, కంట్లో ఏటో పడినాది," అంది.

ఆ పూట పట్టీ కట్టుకునే, హైమను వెంటబెట్టుకుని ఇంటికి వెళ్ళాడు. ఆయన భార్య ఎర్నమ్మత్త గిన్నె కడుగుతూ వెనక్కి తిరగలేదు.

"ఒలే, చారులో ఉప్పు తక్కువైనాది పొద్దున్న."

గిన్నె జారి తూము దగ్గర దొర్లింది. ఎర్నమ్మ తిరిగి, కొంగు నోటికడ్డం పెట్టుకుని అలాగే గోడకు చేరగిలబడింది. కాసేపటికి తేరుకుని, "రెండున్నరేళ్ళకి నోరొస్తే మొదటి మాట ఇదేటి?" అంది. ముగ్గురూ నవ్వారు. హైమ జీవితంలో అంత తృప్తి ఎప్పుడూ ఎరగదు.

వారం తిరక్కుండానే అత్త ఫోన్ చేసింది.

"హైమా, ఆ నడుం కాడి పెట్టి పిచ్చిమాటలు ఆడతన్నాదే. పక్కింటి వరాలమ్మ వచ్చి కూకుంటే, మీ మావయ్య నోరు మూసుకునే ఉన్నాడు, పెట్టి మటుకు 'ఈవిడ ఎప్పుడు లేస్తాదో' అనీసింది. ఆవిడ చెప్పులేసుకుని ఎల్పోయింది."

హైమ నవ్వింది గానీ, మర్నాడు మావయ్యను ప్రయోగశాలకు పిలిపించింది. స్పీకరు తీగ పట్టీ తీగ పక్కనే పోతోంది కాబట్టి ఒకదాని శబ్దం ఇంకొకదానిలోకి చొరబడుతోందని ఆమె అనుమానం. తీగలకు రేకు చుట్టింది. బోర్డు మార్చింది. అయినా మధ్య మధ్య అనని మాటలు వస్తూనే ఉన్నాయి. చివరికి స్పీకరే పీకేసి, వచ్చిన మాటలు తెర మీద అక్షరాలుగా మాత్రమే కనపడేలా పెట్టి, "కాసేపు ఊరికే కూర్చో మావయ్యా, ఏమీ అనకు," అంది.

సన్యాసిరావు కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నాడు. రెండు నిమిషాలు ఏమీ రాలేదు. తర్వాత తెర మీద ఒక వరస పడింది.

గ్యాస్ బండోడు ఇయ్యాల కూడా రాడేటో.

ఆయన పెదవులు కదల్లేదు. రోడ్డు మీద సిలిండర్ల ఆటో ఒకటి ఆగి ఉంది. హైమ ఆటో వైపూ తెర వైపూ మార్చి మార్చి చూసింది. తీగల్లో లోపం లేదు. బోర్డులో లోపం లేదు. మనిషి మనసులో మాట అనుకున్నప్పుడు కూడా మెదడు గొంతుకు చాలా సన్నటి ఆజ్ఞ పంపుతుంది. దాన్ని ఇంతవరకూ ఏ యంత్రమూ పట్టలేదు. ఇది పడుతోంది.

ఆమె చెయ్యి దానంతటదే తెర ఆపేసింది.

ఫణీంద్ర గారు విని గోడ మీది క్యాలెండరు వైపు చూశారు. వైద్య పరికరాలకు అనుమతిచ్చే సంఘం పంతొమ్మిది రోజుల్లో పరీక్షకు వస్తోంది. మూడేళ్ళ కష్టం. "అనదలుచుకున్న మాటకి బలమెక్కువ, మనసులో మాటకి తక్కువ. అంతే కదమ్మా? ఒక హద్దు పెట్టు. దాని కింద ఉన్నది పలక్కూడదు. సంఘానికి తర్వాత వివరంగా రాద్దాం."

"మావయ్యకి చెప్పాలి కదండీ?"

"చెబితే ఇక కట్టుకుంటారా? నువ్వయితే కట్టుకుంటావా?"

హైమ హద్దు పెట్టింది. నూటికి నలభై కంటే తక్కువ బలమున్న మాట స్పీకరుకు పోదు. అది సరిగ్గా పడిందో లేదో చూసుకోవడానికి అన్ని మాటలూ, పలికినవీ పలకనివీ, బోర్డులోని చిట్టాలో, అంటే లాగ్‌లో, నమోదయ్యేలాగే ఉంచింది. రోజూ సాయంత్రం ఆ లాగ్ ఆమె కంప్యూటర్‌కు వచ్చేది.

పట్టీ మళ్ళీ కట్టుకుంటూ సన్యాసిరావు అడిగాడు. "అమ్మీ, ఇది నా మనసులోది కూడా వింటాదేటి?"

"లేదు మావయ్యా. తీగల్లో లోపం. సరిచేసేశాను."

ఆయన ఊపిరి పీల్చుకుని ఆమె తల నిమిరాడు. ఆ చెయ్యి బరువు హైమకు ఆ సాయంత్రమంతా తెలుస్తూనే ఉంది.

లాగ్ మొత్తం చదవనక్కర్లేదు. బలాల అంకెలు చూస్తే చాలు. ఆమె మొదట్లో అలాగే చేసింది. మాటల వరసను చేత్తో కప్పి అంకెలే చూసేది. కానీ హద్దు కిందకి జారినది నిజంగా మనసు మాటో, మెల్లగా అన్న మాటో తేల్చాలంటే చదవక తప్పదు. చదివింది. కాఫీ చల్లారిపోయిందని ఉంది. ఎప్పుడో బస్సులో చిల్లర ఇవ్వలేకపోయిన ముసలావిడ గురించి ఉంది. తర్వాత మంగళవారం నాటి లాగ్‌లో, ఉదయం ఏడుంపావుకి, ఆయన అద్దం ముందు గడ్డం గీసుకునే వేళకి, ఇలా ఉంది.

కుడిపక్కన గట్టిగా తగుల్తన్నాది.

గడ్డే.

ఎర్నమ్మకి తెలీకూడదు.

హైమ పరీక్ష అయ్యేదాకా చూద్దాం. ఇప్పుడు చెబితే పిల్ల పని చెడిపోతాది.

హైమ కుర్చీలో వెనక్కి వాలింది. ఆర్నెల్లకోసారి జరగాల్సిన ఆసుపత్రి పరీక్ష గుర్తుకొచ్చింది. కిందటి నెల ఆ తారీకూ ప్రయోగశాలకు రావాల్సిన తారీకూ ఒకటే అయితే, "వచ్చే నెల వెళ్దాంలే మావయ్యా," అన్నది తనే.

వెంటనే ఫోన్ తీసింది. అత్త పేరు కూడా వెతికింది. ఏమని చెప్పాలి? మావయ్య మెడలో గడ్డ ఉందని నీకెలా తెలుసని అడిగితే? ఆయన మనసులో అనుకున్నది చదివానని చెబితే, తన తల నిమిరిన ఆ చెయ్యి ఏమైపోతుంది? మాట పోయిన మనిషి పట్టీ తీసేసి, రేపు మళ్ళీ మూగవాడై కూర్చుంటే? పైగా పరీక్ష ఎనిమిది రోజులే ఉంది. ఎనిమిది రోజుల్లో ఏం మునిగిపోతుంది. ఆయనే చెబుతాడు. చెప్పేలా చేద్దాం.

మర్నాడు ఇంటికి వెళ్ళి, మాటల్లో మాటగా, "మావయ్యా, డాక్టరు దగ్గరికి ఓసారి వెళ్ళొద్దామా?" అంది.

"నీ పరీక్ష అవనీయే. అప్పుడెళ్దాం."

"అలాగే," అంది హైమ. ఆ ఒక్క మాట ఎంత సులువుగా వచ్చిందో తర్వాత ఎన్నిసార్లు తలుచుకుందో లెక్కలేదు.

సంఘం వాళ్ళు ఐదుగురు వచ్చారు. సన్యాసిరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, బోర్డు నడుముకి తగిలించుకుని, హాలు మధ్యలో నిలబడి మద్దిలపాలెం నుంచి కొమ్మాది దాకా స్టాపులన్నీ పిలిచాడు. "ఫుట్‌బోర్డు మీద నిలబడకండి బాబూ, లోపల బోలెడు జాగా ఉన్నాది," అంటే ఐదుగురూ నవ్వి చప్పట్లు కొట్టారు. ఒకాయన లేచి వచ్చి కౌగిలించుకున్నాడు. ఫణీంద్ర గారు హైమ వైపు చూసి రెండు చేతులూ జోడించారు.

ఆ సాయంత్రం ఆమె లాగ్ తెరిచింది. చప్పట్లు మోగిన నిమిషానికి ఎదురుగా, హద్దు కింద, ఒకే మాట నాలుగుసార్లు ఉంది.

భయమేస్తన్నాది.

అయినా ఆమె ఫోన్ చెయ్యలేదు. ఇప్పుడు పరీక్ష అయిపోయింది కాబట్టి ఆయనే చెబుతాడని చూసింది. ఆయనేమో పిల్ల సంతోషంగా ఉంది, అనుమతి కాగితం వచ్చాక చెబుదామని చూశాడు. లాగ్‌లో అదీ ఉంది. ఆమె చదివింది. రోజూ పొద్దున్న ఏడుంపావు దగ్గర చదివింది. పదకొండు రోజులు అలాగే గడిచాయి. పన్నెండో రోజు భోజనాల వేళ మావయ్యకు ముద్ద దిగలేదనీ, ఉమ్మితే నెత్తురు పడిందనీ అత్త ఏడుస్తూ ఫోన్ చేసింది.

డాక్టరు స్కాన్ ఫొటోలు చూసి చెప్పాడు. గడ్డ రెండు పక్కలకీ పాకింది. ఆపరేషన్ చెయ్యొచ్చు, మనిషి దక్కుతాడు. కానీ దవడ కింద కండరాలూ నరాలూ రెండు వైపులా తియ్యాలి.

"అంటే గొంతుపట్టీ...?" అంది హైమ.

"పట్టుకోవడానికి అక్కడ ఇంకేమీ మిగలదమ్మా."

"మూడు వారాల కిందట తీసుకొచ్చి ఉంటే?"

డాక్టరు ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "ఒక పక్కతో పోయేదేమో. పోకపోయేదేమో. చెప్పలేం. మీకు అప్పుడు తెలీదు కదా."

హైమ వరండాలోకొచ్చి నిలబడింది. తెలీదు కదా అన్న మాట డాక్టరు దయతో అన్నాడు. అది పుచ్చుకుని ఊరుకుంటే ఇక ఎవరూ అడగరు. లాగ్ చెరిపేస్తే సాక్ష్యం కూడా ఉండదు. అంత తేలిగ్గా బయటపడొచ్చని తోచినందుకే ఆమెకు తన మీద తనకు అసహ్యం పుట్టింది.

అత్త మందులకు కిందికి వెళ్ళిన సమయం చూసి మంచం పక్కన కూర్చుంది. కంప్యూటర్ ఒళ్ళో పెట్టుకుని, ఆపకుండా అంతా చెప్పింది. గ్యాస్ ఆటో దగ్గర్నుంచి మొదలుపెట్టి, హద్దు గురించి, ఏడుంపావు వరసల గురించి, చప్పట్లప్పటి మాట గురించి. తీగల్లో లోపమన్నది అబద్ధమని చెప్పింది.

సన్యాసిరావు పైకప్పు చూస్తూ పడుకున్నాడు. పట్టీ మెడకే ఉంది. హైమ కావాలనే తెర చూడలేదు.

"గడ్డ సంగతి నేనూ దాచినాను," అన్నాడు చివరికి. "అది నీ మీద ఎయ్యను. నాకు నోరున్నాది, చెప్పలేదు. నా బుద్ధి."

"మావయ్యా..."

"ఉండు. చప్పట్లు కొడతన్నప్పుడు భయమేస్తన్నాదనుకున్నానా? నాలుగుసార్లా?"

ఆమె తలూపింది.

"అది నువ్వు అదే రోజు చదివినావు. మర్నాడు పొద్దున్న ఫోన్ చేసి, ఇడ్లీ తిన్నావా మావయ్యా అనడిగినావు." ఆయన గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే బాగుండునని హైమకనిపించింది. "డాక్టరు సంగతి ఒగ్గీ. వచ్చి ఓ గంట పక్కన కూకోలేకపోయినావేటే? ఒక్కణ్ణే కదా భయపడతన్నాను అనుకున్నాను ఇన్నాళ్ళూ. నువ్వూ ఉన్నావు. చూస్తా ఉన్నావు."

ఆయన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. హైమ క్షమించమని అడగడానికి నోరు తెరిచి, ఆ మాట కూడా తన కోసమే అని తోచి, మూసేసుకుంది.

ఎర్నమ్మత్తకు ఆయనే చెప్పాడు. ఆమె హైమను తిట్టలేదు. ఆ రోజు నుంచి హైమ తెచ్చిన అన్నం క్యారియర్ విప్పడం మానేసి, కింద క్యాంటీన్‌లో తినసాగింది.

సంఘానికి హైమ నాలుగు పేజీల ఉత్తరం రాసింది. పరికరం మనసులో మాటను వింటుందనీ, తమకది ముందే తెలుసనీ, పరీక్ష నాడు దాచామనీ, రోగి లాగ్ తను చదివాననీ రాసి, కింద సంతకం పెట్టింది. అనుమతి ఆగిపోయింది. ఫణీంద్ర గారు ఆమెను పిలిచి అరవలేదు. "నువ్వు రాసింది తప్పు కాదు," అన్నారు, ఖాళీ అవుతున్న బల్లల వైపు చూస్తూ. "కానీ దేశంలో ఇంకెంతమంది సన్యాసిరావులు దీనికోసం చూస్తున్నారో కూడా ఆ ఉత్తరంలో రాయాల్సిందమ్మా." ఆ మాటా ఆమెకు గుచ్చుకునే ఉండిపోయింది. మాట కోసం ఎదురుచూస్తున్నవాళ్ళకు తను మరికొన్నేళ్ళ మౌనం రాసిపెట్టింది.

ఆపరేషన్ రోజు పొద్దున్న సన్యాసిరావు హైమను గదిలోకి పిలిపించాడు. ఆ వారంలో ఆమెతో మాట్లాడటం అదే మొదలు. ఎర్నమ్మ మంచం అవతల నిలబడి ఉంది.

"ఆ హద్దు తీసీగలవా?"

"ఏ హద్దు మావయ్యా?"

"నలభయ్యో ఏదో అన్నావే, అది. మొత్తం తీసీ. ఇంకో గంటలో నన్ను తీసుకెళ్ళిపోతారు. తర్వాత ఇది నాకు పనికిరాదు." ఆయన భార్య వైపు చూశాడు. "ముప్పై నాలుగేళ్ళ కాపురం. చెప్పాల్సినవి కొన్ని నోటిదాకా వచ్చి ఆగిపోతాయి నాకు. సిగ్గు. ఇయ్యాల దీని చేత చెప్పిస్తాను."

హైమ కేబుల్ తగిలించింది. అంకె రెండుసార్లు తప్పు కొట్టింది. సున్నా పెట్టింది. తర్వాత లాగ్ రాసే భాగాన్ని మొత్తంగా తీసేసి, పాత లాగ్‌లన్నీ చెరిపి, తెర ఆయన వైపు తిప్పి చూపించింది.

"ఇక ఏదీ నమోదు కాదు మావయ్యా. ఈసారి నిజమే చెబుతున్నాను."

ఆయన తెర చూడలేదు, ఆమెను చూశాడు. "సరే," అన్నాడు. "నువ్వు బయటికెళ్ళు."

ఆమె వెళ్ళి తలుపు మూసింది. లోపల గొంతు మొదలైంది. కండక్టరు గొంతు కాదది. ఆగకుండా, ఎత్తుపల్లాలు లేకుండా, నీళ్ళు పారుతున్నట్టు సాగుతోంది. తలుపు పక్క కుర్చీలో కూర్చుంటే ఒక్కో మాట తెలుస్తోంది. హైమ లేచి వరండా చివరికి నడిచింది. అక్కడా సన్నగా వినిపించింది. మెట్లు దిగి, మందుల కొట్టు దాటి, వాహనాలు మోత పెడుతున్న గేటు దగ్గర నిలబడింది. అక్కడ ఏమీ వినపడలేదు.

తిరిగి వచ్చేసరికి అత్త తలుపు బయట కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, ముఖం మాత్రం చాలా కాలానికి తేటగా ఉంది. హైమ కాస్త ఎడంగా నిలబడింది.

"ఏటన్నాడో అడగవేటే?"

"అడగనత్తా."

ఎర్నమ్మ ఆమెను పరకాయించి చూసి, పక్క కుర్చీ మీద ఉన్న చేతిసంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. హైమ ఆ కుర్చీలో కూర్చుంది.

ఆయన్ను బండి మీద తోసుకుని బయటికి తెచ్చారు. మెడకు పట్టీ లేదు. నర్సు దాన్ని బోర్డుతో సహా ఒక కవరులో వేసి హైమ చేతికిచ్చింది. దాటిపోతూ సన్యాసిరావు తల కొద్దిగా ఎత్తి, హైమ వైపు చూసి పెదవులు కదిపాడు. రెండు మాటలో, మూడు మాటలో.

ఆమెకు అర్థం కాలేదు. బండి వెంట నాలుగడుగులు పరిగెత్తి, "ఏంటి మావయ్యా? ఏమన్నావు?" అంది. ఆయన మళ్ళీ పెదవులు కదిపాడు. అప్పటికే ఆపరేషన్ గది తలుపులు మూసుకుంటున్నాయి.